గీత మీద

వేంపల్లె హైస్కూల్లో తొమ్మిదో తరగతి.
మధ్యాహ్నం గుడ్డు తిన్న చేతులు ఇంకా ఆరలేదు.
బోర్డు మీద నిలువుగా నాలుగు గీతలు గీశాను,
ఐదు గడులయ్యాయి.
మొనీరా, ప్రొటిస్టా, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు.
"ప్రాణమున్న ప్రతిదీ ఇందులో యాడో ఒకచోట కూర్చోవాల" అన్నాను
కడప బస్సు కండక్టర్ గొంతుతో.

అందరూ చివరి గడిలోకే ఎగబడ్డారు.
పొట్టేలు, ఉడుము, తొండ, మండ్రగబ్బ.
ఎవరో కలివికోడి అన్నారు.
చూసినోళ్లు చెయ్యెత్తండి అంటే
ఒక్క చెయ్యీ లేవలేదు.
అయినా రాశాను.
గడిలో చోటుంది, లంకమలలో ఉందో లేదో.

మొక్కలకు కొదవేముంది?
బుడ్డలు, చీనీ, తుమ్మ, రేణిగాయ చెట్టు.
అప్పుడు లేచాడు కుళ్లాయప్ప, గొర్రెలోళ్ల పిల్లోడు.
"పుట్టకొక్కు యాడ రాసేది మేడమ్?"
శిలీంధ్రాల్లో.
"సంతలో వంకాయల పక్కన పెట్టి అమ్ముతాండారే?"
సంతకేం తెలుసు నాయనా,
అది వంకాయ కన్నా నీకే దగ్గరి చుట్టం.
క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.
మొన్న వానకు పుట్ట మీద పెరుక్కొచ్చి
కారం పెట్టి తిన్న చుట్టాన్ని
తలుచుకుంటున్నట్టు నోరు మూసుకున్నాడు.

వాళ్ల అవ్వకు వేరే లెక్క ఉందంట.
మేసేవి, కరిచేవి, మొలిచేవి,
కనపడకుండా వచ్చి పట్టుకునేవి.
నాలుగే.
గొర్రెలకొచ్చే నీలినాలుక రోగానికి
ఆమె నాలుగో గడిలో చోటుంది.
నా పట్టికలో వైరస్ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది,
లోపలికి రమ్మనాలో వద్దో తేలక.

మొదటి గడి మాత్రం ఖాళీ.
కంటికానని వాళ్ల పేర్లు ఎవరు చెప్తారు?
పిల్లల్ని బయటికి తీసుకుపోయి
స్టాఫ్ రూమ్ మెట్టు బండ మీద
చెంబెడు నీళ్లు పోశాను.
దుమ్ము పోయి వలయాలు తేలాయి,
క్యాబేజీని అడ్డంగా కోసినట్టు, పొర మీద పొర.
ఇది ఉలి పని కాదు.
నూరు కోట్ల ఏండ్లకు ముందు మాట,
ఈడ లోతులేని సముద్రముండె.
చూసే కన్ను ఒక్కటీ పుట్టని కాలంలో
ఎండ తాగి, గాలి వదిలి,
సన్నటి జిగట పొరలుగా పెరుగుతూ పోయినోళ్లు వీళ్లు.
"సముద్రమా?" అంది హుసేన్‌బీ,
గేటు బయట ట్యాంకరు కోసం వరసగా పెట్టిన బిందెల వైపు చూసి.
"అందరూ సచ్చిపోయినారా?"
లేదమ్మా. కొళాయి కింద కాలు జారుతుందే, పచ్చగా,
వాళ్ల వంశమే.

లోపలికొచ్చాక ఆ పిల్లే అడిగింది.
"మా అమ్మ బిరియానీలో రాతిపువ్వు ఏస్తాది. అది ఏ గడి?"
పువ్వు కాదది.
శిలీంధ్రం ఇల్లు కడుతుంది,
లోపల శైవలం వంట చేస్తుంది.
విడదీస్తే రెండు పేర్లు,
రాతి మీద ఒకటే బతుకు.
సుద్దముక్క పట్టుకుని గడుల ముందు ఆగిపోయాను.

"గీత మీద రాయండి మేడమ్" అన్నాడు కుళ్లాయప్ప.

వాడిని బడిలో చేర్చిన రోజు గుర్తొచ్చింది.
గూగూడు పీరుకు మొక్కుకుని పెట్టిన పేరు.
కొత్త గుమాస్తా మతం గడి దగ్గర పెన్ను ఆపి
"ఏ పక్క?" అన్నాడు.
వాళ్ల నాయన భుజం మీది కంబళి సర్దుకుని
"గొర్లు మేపుతామయ్యా" అన్నాడు.

గీత మీదే రాశాను.
అక్షరాలు అటు కొన్ని, ఇటు కొన్ని పడ్డాయి.
బెల్లు కొట్టారు. లెక్కల సారు వచ్చి
తడిగుడ్డతో అంతా తుడిచేశాడు.

ఇప్పుడు కొందరు పిల్లలు
ఆ మెట్టును తొక్కకుండా దాటి పోతున్నారు.
తక్కినోళ్లు తొక్కుతూనే ఉన్నారు.
నేనూ, ఆలస్యమైన రోజుల్లో.